ఎదిగే పాదానికి అమరే జోడు

నడక నేర్చిన పసిపిల్లల పాదాలకు సరిగా అమరే జోళ్ళను సామాన్య కుటుంబాలు తమ స్తోమతకు మించకుండా సమకూర్చుకోవడం ఎలా అన్నది నేటి ప్రసంగ విషయం. ఏడాది నిండిన బిడ్డ పాదం మూడేళ్ళు నిండేలోగా సుమారు నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే ఆ రెండేళ్ళలో చెప్పుల సైజు దాదాపు ఆరుసార్లు మారుతుంది. ఇంత వేగంగా మారే కొలతకు తగినట్టు కొంటూపోతే ఖర్చు భారమవుతుందన్న భయంతో కొందరు తల్లిదండ్రులు రెండు సైజులు పెద్దవి కొంటారు. ఉన్న జోడు ఇంకా చిరగలేదు కదా అని కొందరు ఇరుకైన వాటినే తొడుగుతారు. బిడ్డ పాదాలకు ఏదో మేలు జరుగుతుందన్న ఆశతో మరికొందరు ఖరీదైన గట్టి బూట్లు కొంటారు. ఈ మూడు దారుల్లోనూ డబ్బుకో పాదానికో నష్టం తప్పదు. పాదం ఎదిగే తీరును అర్థం చేసుకుని, నెలనెలా కొలత తీసుకుంటే ఈ అవసరం తక్కువ ఖర్చుతోనే తీరుతుంది.

పసిపాదం పెద్దవారి పాదానికి చిన్న నమూనా కాదు. పెద్దవారి పాదంలో 26 ఎముకలుంటాయి. వాటిలో మడమ నుంచి పాదం నడుమ వరకు ఉన్నవి ఏడు. బిడ్డ పుట్టేనాటికి ఆ ఏడింటిలో మడమ ఎముక, దాని మీద కూర్చునే చీలమండ ఎముక, చాలామందిలో పాదం బయటి అంచున ఉండే మరొక ఎముక మాత్రమే గట్టిపడటం మొదలై ఉంటుంది. మిగిలినవన్నీ మృదులాస్థి రూపంలోనే, అంటే చెవి డొప్పలో ఉండేటటువంటి మెత్తని, వంగే కణజాలంగానే ఉంటాయి. ఈ మృదులాస్థి క్రమంగా ఎముకగా మారే ప్రక్రియను అస్థీభవనం అంటారు. పాదం లోపలి అంచున ఉండి పాదపు వంపును నిలబెట్టే పడవ ఆకారపు ఎముకలో ఈ ప్రక్రియ సాధారణంగా మూడో ఏట గాని మొదలుకాదు. పాదపు ఎముకల ఎదుగుదల పూర్తిగా ముగిసేది కౌమారంలోనే. ఇంత మెత్తగా ఉన్న దశలో పాదం ఒత్తిడికి ఎదురుతిరగదు, లొంగిపోతుంది. పైగా పసివారి అరికాలిలో కొవ్వు మెత్తగా పరుచుకుని ఉండటం వల్ల ఇరుకు బూటులోనూ నొప్పి అంతగా తెలియదు. తెలిసినా ఆ నొప్పి ఎక్కడిదో చెప్పేంత మాట ఆ వయసులో రాదు. కాబట్టి బిడ్డ ఏడవడం లేదు గనుక బూటు సరిపోయిందనుకోవడం సరైన పరీక్ష కాదు.

ఎదుగుదల వేగం కూడా ఈ దశలో అసాధారణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశీలన ప్రకారం ఆరోగ్యవంతులైన పిల్లలు 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా ఆసరా లేకుండా నడవవచ్చు. సరిగ్గా ఆ కాలంలోనే పాదం అతివేగంగా పెరుగుతుంది. ఏడాది నుంచి ఏడాదిన్నర వరకు నెలకు సుమారు 2 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి మూడేళ్ళ వరకు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు, తరువాతి రెండేళ్ళలో నెలకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పాదం పొడవు పెరుగుతుందని కొలతలు తీసినవారు గుర్తించారు. ఆడపిల్లల పాదం ఏడాది వయసుకే, మగపిల్లల పాదం ఏడాదిన్నరకే వారు పెద్దయ్యాక ఉండబోయే పొడవులో సగానికి చేరుతుందని 1956లో అమెరికా వైద్యులు ప్రచురించిన పరిశోధన తెలిపింది. ఐరోపా పద్ధతిలో ఒక సైజుకూ మరుసటి సైజుకూ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, అంటే ఆరున్నర మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. ఇంగ్లీషు పద్ధతిలో అది అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఈ లెక్కన ఏడాదికీ మూడేళ్ళకూ మధ్య ఐరోపా పద్ధతిలో సుమారు ఆరు సైజులు, ఇంగ్లీషు పద్ధతిలో నాలుగైదు సైజులు బిడ్డ దాటిపోతుంది. ఆ తరువాత వేగం తగ్గుతుంది గనుక ఖర్చు కూడా తగ్గుతుంది.

కొలత తప్పితే ఏమవుతుందన్న దానికి ఆస్ట్రియా దేశంలో కిండర్‌గార్టెన్ పిల్లలపై జరిగి, 2009లో వెలువడిన పరిశోధన స్పష్టమైన జవాబు ఇచ్చింది. పరిశోధకులు 858 మంది పిల్లల పాదాలను, వారు తొడుక్కున్న బూట్ల లోపలి పొడవును విడివిడిగా కొలిచారు. బయట వేసుకునే బూట్లు 69 శాతం మందికి, బడి లోపల వేసుకునేవి 88 శాతానికి పైగా పిల్లలకు పొడవు చాలలేదు. బూటు ఎంత పొట్టిదైతే కాలి బొటనవేలు పక్క వేళ్ళ వైపు అంత ఎక్కువగా ఒరిగే అవకాశం ఉందని కూడా తేలింది. ఆస్ట్రియా పేద దేశం కాదు. అక్కడ కరువైంది డబ్బు కాదు, కొలత. కలిగిన దేశంలోనూ ఇదే పరిస్థితి కనిపించడం వల్ల, ఎక్కువ ధర పెట్టినంత మాత్రాన బూటు సరిపోతుందనే నమ్మకానికి ఆధారం లేదని గ్రహించాలి.

అసలు పసిపిల్లలకు పాదరక్షలు ఎంతవరకు అవసరమన్నది తరువాతి ప్రశ్న. దీనికి జవాబు వెతికిన పరిశోధనల్లో ముఖ్యమైనది మన పొరుగునే జరిగింది. కర్ణాటకలోని కస్తూర్బా వైద్య కళాశాలకు చెందిన ఉదయ భాస్కర్ రావు, బెంజమిన్ జోసెఫ్ అనే వైద్యులు 4 నుంచి 13 ఏళ్ళ వయసు గల 2300 మంది పిల్లల పాదముద్రలను పరిశీలించి, 1992లో ఫలితాలు ప్రకటించారు. అరికాలి లోపలి వంపు ఏర్పడకుండా పాదం మొత్తం నేలకు ఆనే స్థితిని చదును పాదం అంటారు. పాదరక్షలు వాడే పిల్లల్లో ఇది 8.6 శాతం మందిలో, వట్టికాళ్ళతో తిరిగే పిల్లల్లో 2.8 శాతం మందిలో మాత్రమే కనిపించింది. వేళ్ళను పూర్తిగా మూసే బూట్లు వాడేవారిలో ఎక్కువగా, చెప్పులూ శాండిల్సూ వాడేవారిలో అంతకంటే తక్కువగా, ఏమీ వాడనివారిలో అతి తక్కువగా ఉండటం ఆ పరిశోధనలోని గమనించదగిన అంశం. పసితనంలో బూట్లు అదేపనిగా తొడగడం పాదపు వంపు ఏర్పడటానికి మేలు చేయదని ఆ వైద్యులు అభిప్రాయపడ్డారు. అయితే నొప్పి లేని మెత్తని చదును పాదం చాలామందిలో జబ్బు కాదని, పసిపిల్లలందరి పాదాలూ కొవ్వు వల్ల మొదట చదునుగానే కనిపిస్తాయని, వంపు ఏళ్ళ తరబడి మెల్లగా తేలుతుందని కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

పాదాన్ని సరిచేస్తాయంటూ అమ్మే గట్టి బూట్ల సంగతి కూడా ఇలాగే తేలిపోయింది. మెత్తని చదును పాదాలున్న పిల్లలను వర్గాలుగా విభజించి, కొందరికి ప్రత్యేకమైన బూట్లు, లోపలి అట్టలు ఇచ్చి మూడేళ్ళు గమనించిన అమెరికా వైద్యుల పరిశోధన 1989లో వెలువడింది. ఆ బూట్లు వాడిన పిల్లలకూ వాడనివారికీ తేడా లేదని, వంపు వయసుతో పాటు తానే మెరుగుపడుతుందని అది తేల్చింది. కాబట్టి వైద్యుడు చెప్పకుండా ఇలాంటి వాటిపై పెట్టే ఖర్చు వృథా. దీనికి ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. పుట్టుకతో పాదం లోపలికి తిరిగి ఉండే క్లబ్‌ఫుట్ అనే స్థితిలో, పొన్సెటి పద్ధతిలో కట్లు కట్టి సరిచేసిన తరువాత ఇచ్చే పట్టీ బూట్లను వైద్యుడు చెప్పినన్నాళ్ళు, సాధారణంగా నాలుగైదేళ్ళ వయసు దాకా, చెప్పిన వేళల్లో తప్పకుండా తొడగాలి. మానేస్తే పాదం మళ్ళీ తిరిగిపోయే ప్రమాదం ఉంది. అలాగే బిడ్డ కుంటుతున్నా, ఒక పాదమే చదునుగా బిగుసుకుని ఉన్నా, మూడేళ్ళు దాటినా ఎప్పుడూ మునివేళ్ళ మీదే నడుస్తున్నా ఎముకల వైద్యునికి చూపించాలి.

వట్టికాళ్ళు మేలైతే బయట కూడా అలాగే తిరగనివ్వవచ్చునా అంటే, తెలుగు నేల మీద అది కుదరదు. మండువేసవిలో కాలిన సిమెంటు, తారు రోడ్డు పసివారి అరికాళ్ళను బొబ్బలెక్కిస్తాయి. వీధిలో గాజుపెంకులు, మేకులు, తుమ్మముళ్ళు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, మలంతో కలుషితమైన తడి మట్టిలో పెరిగే కొంకిపురుగు లార్వాలు పాదాల చర్మం గుండా లోపలికి చేరి, చివరకు పేగుల్లో స్థిరపడి రక్తం పీలుస్తాయి. పిల్లల్లో రక్తహీనతకు ఇదొక కారణం. ఏడాది నుంచి పంతొమ్మిదేళ్ళ లోపు వారందరికీ అంగన్‌వాడీల్లో, బడుల్లో ఆల్బెండజోల్ మాత్రలు వేసే జాతీయ నులిపురుగుల నివారణ దినం 2015లో మొదలైంది గాని, మాత్ర కడుపులోని పురుగును చంపుతుందే తప్ప మళ్ళీ సోకకుండా ఆపదు. ఆపవలసింది మరుగుదొడ్డి, చెప్పులు. దీన్నిబట్టి పాదరక్ష చేయవలసిన పని రక్షణ ఒక్కటేనని, పాదాన్ని తీర్చిదిద్దడం దాని పని కాదని స్పష్టమవుతుంది. శుభ్రమైన ఇంట్లో, వాకిట్లో, అరుగు మీద వట్టికాళ్ళు, వీధిలోకి వెళితే జోడు అన్నది సరైన పద్ధతి. ఈ పద్ధతి పాటిస్తే జోడు అరగడం తగ్గి, ఒక్క జతే ఆ సైజు కాలమంతా సరిపోతుంది.

ఎదిగే పిల్లలు కదా అని పెద్ద సైజు కొని, ముందు భాగంలో దూదో గుడ్డో కుక్కి వేయించే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. పొదుపు ఉద్దేశంతో చేసినా ఇది పొదుపు కాదు. మరీ వదులుగా ఉన్న బూటులో పాదం ముందుకు జారుతుంది. అది ఊడిపోకుండా బిడ్డ వేళ్ళను ముడుచుకుని పట్టుకుంటుంది. అడుగు వేళ్ళ మొదళ్ళ దగ్గర కాక వేరొకచోట వంగుతుంది. తట్టుకుని పడటం ఎక్కువవుతుంది. పైగా ఆ బూటు పాదానికి సరిపోయేనాటికి మడమ వైపు నలిగి, అడుగు అరిగిపోయి ఉంటుంది. బొటనవేలికీ బూటు కొసకూ మధ్య కొనేటప్పుడు సుమారు 12 మిల్లీమీటర్లు, అంటే అర అంగుళం ఖాళీ ఉంటే చాలు. నడిచేటప్పుడు పాదం సాగి ముందుకు జరగడానికి అందులో దాదాపు సగం కావాలి. మిగతా సగం ఎదుగుదల కోసం. ఈ రెండో సగం ఏడాదిన్నర లోపు బిడ్డకు మూడు నెలలు, ఆపై మూడేళ్ళ లోపు వారికి నాలుగు నెలలు వస్తుంది. జోడు ఎన్నాళ్ళు పనికివస్తుందన్నది దాని ధరను బట్టి కాక ఈ ఖాళీని బట్టి తేలుతుందన్న ఈ ఒక్క విషయం గుర్తుంటే కొనుగోలు లెక్క మొత్తం సులువవుతుంది.

కొలత తీయడానికి పరికరం కొననక్కరలేదు. పిల్లలను వెంట తీసుకుపోలేని తల్లిదండ్రులు చీపురుపుల్లను పాదం పొడవుకు విరిచి, దానితో సంతలో చెప్పులు కొనుక్కురావడం పల్లెల్లో ఉన్నదే. ఆ పద్ధతికి రెండు సవరణలు చేస్తే అది శాస్త్రీయమైన కొలత అవుతుంది. మొదటిది, బిడ్డను కూర్చోబెట్టి కాక నిలబెట్టి కొలవాలి, ఎందుకంటే బరువు పడితే పాదం పొడవూ వెడల్పూ సాగుతాయి. మడమను గోడకు ఆనించి, కింద కాగితం పరచి, అన్నిటికంటే పొడవైన వేలి కొస దగ్గర గీత గీయాలి. కొందరికి ఆ వేలు బొటనవేలు కాకపోవచ్చు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. రెండోది, ఆ పొడవుకు 12 మిల్లీమీటర్లు కలిపి, వేలెడు వెడల్పున అట్టముక్క కత్తిరించాలి. దుకాణంలో ఆ అట్ట వంగకుండా బూటు లోపల కొస వరకు సరిగ్గా పడితే అది తగిన పొడవు. అట్ట లోపలికి పోకపోతే పొట్టిది, అటూ ఇటూ కదిలితే పెద్దది. బూటు ముందు భాగాన్ని పైనుంచి నొక్కి చూడటం నమ్మదగినది కాదు, ఎందుకంటే నొక్కగానే పిల్లలు వేళ్ళు ముడుచుకుంటారు. లోపలి అట్ట ఊడివచ్చే బూటైతే దాన్ని బయటికి తీసి, దానిపై బిడ్డను నిలబెట్టి చూడటం మరో మంచి పద్ధతి; వెడల్పు చాలేదీ చాలనిదీ కూడా అందులో కనిపిస్తుంది.

బూటు మీద అచ్చువేసిన అంకెను మాత్రమే నమ్మకపోవడానికి కారణం, ఒకే అంకె ఒక్కో తయారీదారు దగ్గర ఒక్కో పొడవుకు గుర్తు కావడం. పైగా మన అంగడిలో ఉన్నవి ఇంగ్లీషు, ఐరోపా కొలతలు. చెన్నైలోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు దేశంలోని 79 ప్రాంతాల్లో లక్ష మందికి పైగా ప్రజల పాదాలను త్రిమితీయ యంత్రాలతో కొలిపించింది. భారతీయుల పాదాలు ఐరోపా, అమెరికా ప్రజల పాదాల కంటే వెడల్పైనవని ఆ సర్వేలో తేలింది. దాని ఆధారంగా శిశువుల నుంచి పెద్దల వరకు ఎనిమిది వర్గాలతో ‘భా’ అనే భారతీయ సైజుల విధానాన్ని ప్రతిపాదించారు. ఒకటి నుంచి మూడేళ్ళ పిల్లలకు అందులో ప్రత్యేక వర్గముంది. ఆ విధానం ప్రతి దుకాణానికీ చేరేదాకా తల్లిదండ్రులకు నమ్మకమైన ఆధారం చేతిలోని అట్టముక్కే.

ఇక ఎంపిక. నడక నేర్చిన పిల్లలకు వెనుక పట్టీ ఉండి, పైన అతుక్కునే పట్టీలున్న శాండిల్స్ మన వాతావరణానికి, ఆదాయానికి అన్నివిధాలా తగినవి. వేళ్ళు బయటికి కనిపిస్తాయి గనుక చిన్నదైన సంగతి వెంటనే తెలుస్తుంది; పట్టీ వదులు చేసుకోవచ్చు; చెమట నిలవదు. అడుగు రెండు వేళ్ళతో వంచగలిగినంత మెత్తగా, వేళ్ళ మొదళ్ళ దగ్గర వంగేదిగా, జారనిదిగా ఉండాలి. వెనుక పట్టీ లేని హవాయి చెప్పులను ఈ వయసు పిల్లలు వేళ్ళతో బిగించి పట్టుకోవాల్సి వస్తుంది గనుక అవి తగవు. చప్పుడు చేసేవి, లైట్లు వెలిగేవి ముచ్చటగా ఉన్నా, ఆ ముచ్చటకు పెట్టే డబ్బు పాదానికి ఉపయోగపడదు. పైగా అడుగు చీలితే బయటపడే చిన్న బ్యాటరీని బిడ్డ మింగితే ప్రాణాపాయం.

ఖర్చు లెక్క చూద్దాం. ఏడాది నుంచి మూడేళ్ళ వరకు ఆరు జతలు కావాలనుకుంటే, 400 రూపాయల జత చొప్పున రెండేళ్ళకు 2400 రూపాయలు, 1200 రూపాయల జత చొప్పున 7200 రూపాయలు అవుతాయి. 2025-26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఆ కూలితో బతికే కుటుంబానికి మొదటి లెక్క సుమారు ఎనిమిది రోజుల కష్టం, రెండోది ఇరవై మూడు రోజులకు పైగా కష్టం. రెండు జోళ్ళూ పనికివచ్చేది అదే మూడు నాలుగు నెలలు కాబట్టి, మన్నిక కోసం ఎక్కువ పెట్టడం ఈ వయసులో అర్థం లేని పని. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 రూపాయల లోపు పాదరక్షలపై జీఎస్టీ 5 శాతానికి తగ్గడం కొంత ఊరట. బ్రిటన్‌లో పిల్లల దుస్తులకు, బూట్లకు అమ్మకం పన్ను శాతం సున్నా. పిల్లలు ఎదగడాన్ని విలాసంగా లెక్కించకూడదన్న ఆ సూత్రం మనకూ ఆదర్శం కాదగినది.

అన్న వేసుకున్న చెప్పులు తమ్ముడికి, అక్కవి చెల్లెలికి రావడం మన ఇళ్ళలో సహజం. వాడిన బూటు మొదటి బిడ్డ పాదం ఆకారానికి మలుచుకుని ఉంటుంది గనుక అది మంచిది కాదని పాదవైద్యులు హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక నెలల తరబడి రోజూ వాడి అరగదీసిన బూట్లకు పూర్తిగా వర్తిస్తుంది. పెళ్ళిళ్ళకు, పండగలకు నాలుగుసార్లు వేసి పక్కన పెట్టిన జోడుకు అంతగా వర్తించదు. బల్ల మీద పెట్టి వెనుక నుంచి చూసినప్పుడు మడమ ఒక పక్కకు ఒరగకుండా, అడుగు సమంగా, లోపలి అట్ట మీద వేళ్ళ గుంటలు లేకుండా ఉంటే, కడిగి ఎండబెట్టి, కొత్తదానికి పెట్టిన అట్టముక్క పరీక్షే దానికీ పెట్టి వాడవచ్చు. సైజు పెంచుకోగల బూట్లూ ఇప్పుడు తయారవుతున్నాయి. అమెరికాకు చెందిన కెంటన్ లీ రూపొందించిన ‘ఎదిగే బూటు’ ఐదు సైజుల వరకు సాగుతుంది. పుణేలో పుట్టిన అరెట్టో సంస్థ కూడా సాగే బూట్లను పసిపిల్లలకు తయారుచేస్తోంది. ఒక జత ఎన్ని నెలలు వచ్చిందన్న లెక్కతో భాగించి చూసి, చౌక శాండిల్ కంటే గిట్టుబాటైతేనే వాటిని కొనడం వివేకం.

ఇది ఒక్కొక్క ఇల్లే మోయవలసిన భారం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల పిల్లలకు ఒకటో తరగతి నుంచి పదో తరగతి వరకు కిట్లలో బూట్లు, సాక్సులు ఇస్తున్నారు. కాని పాదం అతివేగంగా పెరిగేది అంతకు ముందటి ఐదేళ్ళలో. 1975 అక్టోబరు 2న మొదలైన సమీకృత శిశు అభివృద్ధి పథకం కింద నడిచే అంగన్‌వాడీ కేంద్రాల్లో పిల్లల బరువు, ఎత్తు క్రమం తప్పకుండా నమోదు చేస్తున్నారు. అదే పుస్తకంలో పాదం పొడవుకు ఒక గడి చేర్చడానికి గోడకు ఆనించిన ఒక స్కేలు చాలు. అదే కేంద్రంలో ఒక పెట్టె ఉంచి, పిల్లలకు చిన్నవైన మంచి జోళ్ళను అందులో వేసి, సరిపోయే సైజును తీసుకువెళ్ళే ఏర్పాటు చేస్తే ఊరిలోని ఏ బిడ్డకూ ఇరుకు చెప్పులు వేసుకోవాల్సిన అగత్యం ఉండదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, దుస్తులకు రేషన్ ఉన్న బ్రిటన్‌లో మహిళా స్వచ్ఛంద సేవకులు పిల్లల దుస్తులకు, బూట్లకు ఇలాంటి మార్పిడి కేంద్రాలు నడిపారు. మన మహిళా సంఘాలకు ఇంతకంటే పెద్ద పనులు నడిపిన అనుభవం ఉంది.

పసిపాదానికి కావలసింది ఖరీదు కాదు, చోటు. కనుక నెలకొకసారి బిడ్డను గోడకు ఆనించి నిలబెట్టి, పాదం పొడవు రాసిపెట్టవలసిందిగా, ఖాళీ అర వేలి వెడల్పుకు తగ్గిన రోజున ఆ జోడును మరొక బిడ్డకు ఇచ్చి తమ బిడ్డకు సరిపోయేది తేవలసిందిగా తల్లిదండ్రులకు, ఇంట్లోని తాతయ్యలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు విజ్ఞప్తి.